గుట్టెక్కిన ఇల్లు: ఒరెగాన్ సిటీ మెక్‌లాఫ్లిన్ ఇంటి కేస్ స్టడీ

నాన్నగారు మొదటిసారి అమెరికాలో నేనుండే ఒరెగాన్ వచ్చినప్పుడు సముద్రం, జలపాతాలు అన్నీ అయ్యాక, నేను చేసే పని ఎలాంటిదో చూపిద్దామని ఒరెగాన్ సిటీకి తీసుకెళ్లాను. పోర్ట్‌లండ్‌కి దక్షిణాన, కారులో అరగంట. గుట్ట మీద చిన్న పార్కు, అందులో రెండంతస్తుల చెక్క ఇల్లు, అదే మెక్‌లాఫ్లిన్ ఇల్లు. ఆయన ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, గోడ పలకల మీద వేలి కణుపుతో తట్టి చూసి, "ఏరా, మన తాతగారి మండువా ఇంట్లో వంటిల్లంత లేదు. దీనికి ఇంత హంగామానా?" అన్నారు.

వంటిల్లంత లేదన్నది ఆయన మార్కు అతిశయోక్తి. "ఆ మండువా ఇప్పుడెక్కడుంది నాన్నా?" అన్నాను. ఆయన మాట్లాడలేదు. దాని తలుపులు, స్తంభాలు ఏ రిసార్టుకి చేరాయో మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

నా పని పాత చెక్క ఇళ్ల మరమ్మతు. చేయించేవాళ్లు ఎక్కువగా చిన్న ఊళ్ల చారిత్రక సంఘాలు. ఈ సంఘాల గురించి మనవాళ్లకి పెద్దగా తెలీదు. ఊళ్లో ఓ పాతిక మంది కలిసి రిజిస్టర్ చేసుకున్న లాభాపేక్ష లేని సంస్థ, దాని చేతిలో ఓ పాత ఇల్లు, బీరువా నిండా ఫొటోలు, ఏడాదికోసారి కేకులమ్మి పోగేసిన డబ్బు. సభ్యుల్లో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, రైతులు. ఓపిక బోలెడు, బడ్జెట్ పూజ్యం.

మెక్‌లాఫ్లిన్ ఇంటి మీద నేను పని చేయలేదు. కానీ కొత్తగా ఏ సంఘం పిలిచినా మొదటి మీటింగులో ఈ ఇంటి కథే చెబుతాను. ఒక ఇంటికి రాగల గండాలు దాదాపు అన్నీ దీనికి వచ్చాయి. చాలావరకు గట్టెక్కింది. ఎక్కడ నష్టపోయిందో కూడా వెళ్లి చూస్తే కనిపిస్తుంది.

ఎవరి ఇల్లు

జాన్ మెక్‌లాఫ్లిన్ 1784లో క్యుబెక్‌లో పుట్టాడు. చదివింది వైద్యం, చేసింది బొచ్చు తోళ్ల వ్యాపారం. 1820ల మధ్య నుంచి ఇరవై ఏళ్లపాటు హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థ తరఫున కొలంబియా నది ప్రాంతమంతా ఫోర్ట్ వాంకూవర్ అనే కోట నుంచి నడిపాడు. మనకి కలెక్టరూ, కంపెనీ ఏజెంటూ కలిసిన దొర అనుకోండి. ఆరడుగులు దాటిన మనిషి, తెల్లటి జుట్టు.

1840లలో అమెరికన్ వలసదారులు ఎడ్లబళ్లతో రెండువేల మైళ్ల ఒరెగాన్ బాట నడిచి, తిండి లేక, బట్ట లేక, చలికాలం ముంచుకొస్తుంటే ఇక్కడికి చేరేవాళ్లు. వాళ్లు స్థిరపడితే ఈ ప్రాంతం బ్రిటన్ చేజారుతుందని కంపెనీ భయం. మెక్‌లాఫ్లిన్ మాత్రం విత్తనాలు, తిండి గింజలు, పనిముట్లు అప్పుకిచ్చాడు. అందులో చాలా అప్పు తిరిగి రాలేదు. కంపెనీతో చెడి బయటికొచ్చి, తానే పేరు పెట్టిన ఒరెగాన్ సిటీలో విలామెట్ జలపాతం దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. 1846లో అందులో కాపురం పెట్టాడు. భార్య మార్గరీట్ సగం స్విస్, సగం ఆదివాసీ. ఆ ఇంట్లో ఆమెదే పెత్తనం.

తర్వాత జరిగింది వింటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. 1850లో అమెరికా కాంగ్రెస్ వలసదారులకు భూములిచ్చే చట్టం చేస్తూ, పదకొండో సెక్షన్లో ఈ ఒక్క మనిషి ఒరెగాన్ సిటీ భూమి మీద హక్కు తీసేసింది. 1851లో ఆయన అమెరికా పౌరుడయ్యాడు, అదే ఏడు ఊరికి మేయరూ అయ్యాడు, భూమి మాత్రం రాలేదు. 1857లో ఆ ఇంట్లోనే పోయాడు. 1862లో రాష్ట్రం వెయ్యి డాలర్లు కట్టించుకుని భూమిని వారసులకు తిరిగిచ్చింది. వాళ్లు 1867లో ఇల్లు అమ్మేశారు.

సంఘాలకి ఈ భాగం పూర్తిగా చెప్పడానికి కారణం ఉంది. ఇల్లు కాపాడాలంటే ముందు "ఈ ఇల్లు ఎందుకు?" అన్న ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు ఉండాలి. "పాతది కాబట్టి" అంటే ఒక్క డాలరు రాలదు. మెక్‌లాఫ్లిన్ ఇంటికి ఆ వాక్యం ఉంది: ఇంత పెద్ద వలసకి అన్నం పెట్టి, ఆ వలస తెచ్చిన చట్టం చేతిలోనే భూమి పోగొట్టుకున్న మనిషి ఇల్లిది.

పేరు చెడిన నలభై ఏళ్లు

అమ్మాక ఇల్లు హోటలైంది, తర్వాత మిల్లు కూలీలు అద్దెకుండే గదులయ్యాయి. చివరికి పేరు చెప్పడానికి పెద్దవాళ్లు మొహమాటపడే చోటయింది. చుట్టూ ఊరు కూడా మారింది. జలపాతం ఉన్నచోట మిల్లులు వస్తాయి. 1889లో అక్కడే తయారైన కరెంటు పద్నాలుగు మైళ్ల దూరం తీగల మీద ప్రయాణించి పోర్ట్‌లండ్ వీధి దీపాలు వెలిగించింది. అంత దూరం కరెంటు పంపడం ఈ దేశంలో అదే మొదలు. అలాంటి స్థలంలో ఓ పాత చెక్క ఇంటి విలువెంత? దాని కింద ఉన్న గజాల విలువే.

ఇక్కడ నాదో అభిప్రాయం. ఆ నలభై ఏళ్ల చెడ్డ పేరే ఇంటిని బతికించింది. ఖాళీగా ఉంటే పదేళ్లలో కూలిపోయేది. అద్దెకున్నవాళ్లు రాత్రి పొయ్యి వెలిగించారు, నీళ్లు కారితే తిట్టుకుంటూ బక్కెట్టు పెట్టారు, కిటికీ పగిలితే అట్టముక్క అడ్డం పెట్టారు. చెక్క ఇంటికి అసలు శత్రువు నిర్మానుష్యం. ఎవరూ లేని ఇంట్లో పైకప్పు చిల్లు గురించి మొదట తెలిసేది పావురాలకి.

1908 నాటికి స్థలం కాగితం మిల్లు చేతికొచ్చింది. మిల్లు పెంచాలి, ఇల్లు అడ్డం. ఇష్టమైతే తీసుకుపొండి, లేకపోతే పడగొడతాం అన్నది సారాంశం. 1909లో ఊరివాళ్లు మెక్‌లాఫ్లిన్ మెమోరియల్ అసోసియేషన్ పెట్టుకున్నది దీని కోసమే.

అందరూ ఒప్పుకున్నారనుకోకండి. కంపు కొట్టే హోటల్ని తెచ్చి నలుగురూ తిరిగే పార్కులో పెడతారా అని గొడవ పడ్డవాళ్లు ఉన్నారు. ఏ ఊళ్లోనైనా సంఘం పుట్టగానే పుట్టే రెండో సంఘం ఇదే. పార్కు మాత్రం సరైనదే దొరికింది. అది మెక్‌లాఫ్లిన్ తన రోజుల్లో ఊరికి రాసిచ్చిన జాగా. ఆయన ఊరికిచ్చిన నేలలోంచే ఆయన ఇంటికి చోటు దొరికింది.

ఇల్లు కదపడం

ఒరెగాన్ సిటీ రెండంతస్తుల ఊరు. నది పక్కన కింద ఊరు, రాతి కొండచరియ మీద పై ఊరు. ఇప్పుడైతే రెంటికీ మధ్య 130 అడుగుల లిఫ్టు ఉంది, ఊరి మనుషులు ఉచితంగా ఎక్కి దిగుతారు. లిఫ్టు 1915లో వచ్చింది. ఇల్లు అంతకు ఆరేళ్ల ముందే సింగర్ హిల్ దారిలో పైకెక్కింది. రోడ్డు వాలు మీద మధ్యలో నిలబడ్డ రెండంతస్తుల ఇంటి ఫొటో ఒకటుంది. చూసినప్పుడల్లా నాకు అరచేతులు చెమట పడతాయి.

ఆ రోజుల్లో ఇల్లు కదిపేవాళ్ల పద్ధతి చెప్పడం తేలిక, చేయడం కాదు. ముందు మర జాకీలతో ఇంటిని పునాది మీంచి అంగుళం అంగుళం లేపుతారు. కింద పొడవాటి దూలాలు దూరుస్తారు. వాటి కింద గుండ్రటి దుంగలు. ముందు దూరంగా నేలలో పాతిన రాటకి మోకు చుట్టి, నిలువు ఇరుసుని గుర్రం చేత గానుగలా తిప్పిస్తే ఇల్లు జానెడు జానెడు జరుగుతుంది. వెనక దుంగ బయటికొస్తే తెచ్చి ముందు పెట్టాలి. సమతలంలో ఇది విసుగు పని, ఎత్తు మీద ప్రాణాల మీదికి తెచ్చే పని. వెనక ఆపు సరిగ్గా పెట్టకపోతే జారిందంటే ఇల్లంతా కింద ఊళ్లోనే కూర్చుంటుంది.

చెక్క చట్రం ఇళ్లు దీనికి తట్టుకుంటాయి. దూలం, స్తంభం, వాసం ఒకదానిలో ఒకటి కూసాలతో బిగిసి ఉంటాయి కాబట్టి ఇల్లు మొత్తం పెట్టెలా లేస్తుంది. కానీ దానితో రానివి ఉంటాయి. పునాది రాళ్లు రావు. ఇటుక పొగగొట్టం కదిలితే ముక్కలవుతుంది. చుట్టూ ఉన్న నేల రాదు. ఆ నేలలో పాత మరుగుదొడ్డి గుంట, వంటింటి చెత్త కుప్ప, పగిలిన పింగాణీ, ఎముకలు ఉంటాయి. ఇంట్లో వాళ్లు ఏం తిన్నారో చెప్పేది గోడలు కాదు, అవే. అందుకే చోటు మారిన కట్టడాలని మామూలుగా జాతీయ చారిత్రక రిజిస్టర్‌లో, అంటే కాపాడదగ్గ పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో చేర్చరు. ప్రత్యేక కారణం చూపించాల్సి వస్తుంది.

మెక్‌లాఫ్లిన్ ఇంటి విషయంలో తప్పు చేశారా? నా దృష్టిలో లేదు. కింద ఉంటే మిల్లు మింగేసేది, మిల్లు వదిలినా నది వదిలేది కాదు. 1861 డిసెంబరు వరదలో కింద ఊరు చాలావరకు కొట్టుకుపోయింది. 1964, 1996లలో మళ్లీ మునిగింది. కానీ నా దగ్గరికి వచ్చి "మా ఇంటిని కూడా అలా జరిపేద్దాం, మ్యూజియం పక్కన బాగుంటుంది" అనే సంఘాలకి ఒకటే చెబుతాను. జరపడం ఆపరేషన్ లాంటిది. ప్రాణం పోతుందంటేనే చేయించుకోవాలి.

కాపాడాక ఏమైంది

ఇక్కడి నుంచి కథ చప్పగా ఉంటుంది, కాబట్టి ఎవరూ చెప్పరు. గుట్టెక్కించిన ఉత్సాహం కొన్నేళ్లు నడిచింది. తర్వాత పైకప్పు పాడైంది, రంగు లేచిపోయింది, సభ్యులు ముసలివాళ్లయ్యారు. పాతికేళ్లు గడిచేసరికి ఇల్లు మళ్లీ దయనీయమైన స్థితికి వచ్చింది. 1930ల మధ్యలో, మాంద్యం రోజుల్లో నిరుద్యోగులకు పని చూపించే ప్రభుత్వ పథకాల డబ్బుతో పూర్తిగా బాగుచేశారు. దేశం ఆర్థికంగా చితికిపోయిన కాలమే పాత ఇళ్లకి కలిసొచ్చింది. పని లేని ఆర్కిటెక్టుల చేత పాత కట్టడాల కొలతలు గీయించే జాతీయ సర్వే మొదలైంది కూడా 1933 చివర్లోనే. అప్పుడు గీసిన డ్రాయింగులు ఈరోజుకీ మాకు పెద్దబాలశిక్ష.

ఆ పునరుద్ధరణ లక్ష్యం ఇంటిని మెక్‌లాఫ్లిన్ కాలం నాటి రూపానికి తేవడం. అంటే మధ్యలో వచ్చిన హోటల్, కూలీల గదులు వాటి ఆనవాళ్లతో సహా పక్కకి తప్పుకోవాలి. ఆ రోజుల్లో అదే సరైన పద్ధతి అనుకునేవాళ్లు. ఇప్పుడు నేనైతే కనీసం ఒక్క గదైనా అలా వదిలేయమని పోట్లాడతాను. నాలుగు దశాబ్దాలు ఆ ఇంటికి అద్దె కట్టి నిలబెట్టింది వాళ్లు కదా.

1941లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. అయినా నడిపింది సంఘమే. ఫోర్ట్ వాంకూవర్‌లో పనిచేసిన మరో డాక్టరు, ఫోర్బ్స్ బార్క్లే ఇల్లు కూడా కింద ఊరి నుంచి తెచ్చి దీని పక్కనే పెట్టారు. 1970లో మెక్‌లాఫ్లిన్ దంపతుల సమాధులు కూడా ఇంటి పక్కకే వచ్చాయి. 2003లో రెండు ఇళ్లూ ఫోర్ట్ వాంకూవర్ జాతీయ చారిత్రక స్థలంలో భాగంగా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ చేతికి వెళ్లాయి.

1909 నుంచి 2003 అంటే 94 ఏళ్లు. మీటింగుల్లో ఈ అంకె బోర్డు మీద రాసి కాసేపు ఊరుకుంటాను. ఇల్లు గుట్టెక్కడం కొద్ది వారాల పని. అది ఫొటోల్లో ఉంది. మిగతా 94 ఏళ్లూ ఎవరో ఒకరు తాళం తీసి, బూజు దులిపి, కారుతున్నచోట చూసి, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టి, వచ్చిన స్కూలు పిల్లలకి అదే కథ మళ్లీ చెప్పారు. దానికి ఫొటోలు లేవు.

అడుగు దూలం

ఇక నా చేతి పని ఒకటి చెబుతాను. ఊరి పేరు, సంఘం పేరు అక్కర్లేదు. విలామెట్ లోయలో 1850లలో కట్టిన చిన్న ఫాంహౌస్. నన్ను ఆగస్టులో పిలిచారు. కింద దూరి చూశాను, తేమ మీటరు పెట్టి కొలిచాను, అన్నిచోట్లా పన్నెండు శాతం లోపే. ఇరవై దాటితే గానీ చెక్కకి కుళ్లు భయం ఉండదు. "దూలాలు భేషుగ్గా ఉన్నాయి, ముందు కిటికీలు చూసుకోండి" అని రిపోర్టు రాసిచ్చాను.

ఒరెగాన్‌లో వేసవి ఎముక ఎండినట్టు ఉంటుంది, వాన చినుకు పడదు. నవంబరు నుంచి మార్చి వరకు ముసురు. ఇది చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. జనవరిలో సంఘం సెక్రటరీ ఫోన్ చేసింది, పెద్దావిడ. వంటింటి మూల అడుగు పెడితే నేల స్పంజిలా దిగుతోందట. వెళ్లి కింద దూరి, మూల దూలంలో సూదికోల గుచ్చాను. పిడి దాకా దిగింది. అది చెక్క కాదు, తడిసిన బ్రెడ్డు.

కారణం వెతకడానికి పది నిమిషాలు పట్టలేదు. చూరు గట్టర్ నిండా ఫర్ చెట్టు ఆకు సూదులు. నీళ్లు గొట్టంలోకి పోక, అంచు దాటి మూల మీద పడుతున్నాయి. కింద ఎవరో ముచ్చటపడి వేసిన పూలమడి. ఏడాదికింత మట్టి పోసుకుంటూ పునాది రాళ్లు దాటి దూలం దాకా తెచ్చారు. ఆగస్టులో ఎండి గట్టిగా కనిపించింది. నేను తేమ కొలిచాను గానీ గట్టర్లోకి తొంగి చూడలేదు, మట్టి ఎత్తు చూడలేదు. తప్పు నాదే. ఆ రిపోర్టుకి తీసుకున్న ఫీజు వెనక్కిచ్చేశాను. ఇప్పుడు ఏ ఇల్లయినా రెండుసార్లు చూస్తాను, ఒకటి ముసురులో.

మరమ్మతు ఇలా జరిగింది. అడుగు దూలం అంటే పునాది రాళ్ల మీద చుట్టూ పరిచే మొదటి దూలం. ఇంటి బరువంతా దాని మీదే. కాబట్టి దాన్ని తీయాలంటే ముందు పైన గోడని పట్టుకోవాలి. గోడకి ఇటూ అటూ ఆనింపులు పెట్టి, జాకీలతో లేపాం. రోజుకు పాతికలో ఒక వంతు అంగుళం కూడా కాదు. ఆత్రపడితే పై అంతస్తు సున్నం గార పగులుతుంది. మూడో రోజున ఎక్కడో చెక్క కీచుమంది. అందరం ఊపిరి బిగపట్టాం. ఏమీ కాలేదు. నూట డెబ్బై ఏళ్లుగా అణిగి ఉన్న కూసం కాస్త సర్దుకుంది, అంతే.

కుళ్లిన భాగం తొమ్మిదడుగులు. మిగతా దూలం ఉక్కులా ఉంది. కొందరు "మొత్తం మార్చేయండి, తేలిక కదా" అన్నారు. మా వృత్తిలో మొదటి సూత్రం, పాతది ఎంత మిగిలితే అంత మిగల్చాలి. ఆ దూలం గొడ్డలితో చెక్కింది. పక్కన టార్చి అడ్డంగా పట్టుకుంటే గొడ్డలి వేటు వేటుకీ మధ్య అల కనిపిస్తుంది. నేల పలకల మీద నిట్టనిలువు రంపపు గీతలు ఉన్నాయి, వంపు గీతలు లేవు. అంటే తిరిగే రంపం రాకముందు, నీటి చక్రంతో పైకీ కిందకీ ఆడే రంపం మీద కోసినవి. మేకులు చదరపువి. 1890ల తర్వాత గుండ్రటి తీగ మేకులు వచ్చాయి. కాగితం ఒక్కటీ లేని ఇంట్లో ఇవే మాకు రిజిస్ట్రేషన్ దస్తావేజులు.

మూల స్తంభం దూలంలో దిగేచోట మట్టి తుడిస్తే ఉలితో కొట్టిన నాలుగు గీతలు కనిపించాయి. స్తంభం కాలి మీద కూడా నాలుగు గీతలు. నేల మీద పేర్చి, కుదిరిందో లేదో చూసుకుని, మళ్లీ విప్పి నిలబెట్టేటప్పుడు ఏది ఎందులోకో తెలియడానికి ఆ వడ్రంగి పెట్టుకున్న గుర్తు. ఒకటో నంబరు, రెండో నంబరు జోళ్లు వేరే మూలల్లో ఉన్నాయి. పేరు తెలియని మనిషి. కానీ నాలుగో గీత కాస్త వంకరగా పడింది, ఉలి జారినట్టుంది. ఆ ముక్క మాత్రం కుళ్లలేదు. దాన్ని వదిలి, దాని పక్క నుంచి కోశాను. కొత్త ఫర్ దూలం తెచ్చి ఏటవాలు అతుకు వేసి, మేకులు లేకుండా కర్రచీలలతో బిగించాం. కొత్త చెక్క మీద లోపలివైపు సంవత్సరం అంకె కాల్చి వేశాను, రేపెవడైనా చూసి పాతదని మోసపోకుండా.

కిటికీల గురించి ఎక్కువ చెప్పను. ప్లాస్టిక్ కిటికీలు పెడదామని సంఘంలో సగం మంది పట్టుబట్టారు. పాత గాజు అలలు అలలుగా ఉంటుంది, ఒకసారి తీసేస్తే ఆ వెలుగు ఇంక రాదు. అవిసె నూనె లప్పం పెట్టి, గాలి పోకుండా బయట అదనపు కిటికీ చట్రం వేశాం. టెన్షన్ తీరింది. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి గీకేటప్పుడు ముసుగులు, ప్లాస్టిక్ పట్టాలు తప్పవు, అది మాత్రం నిర్లక్ష్యం చేయకండి.

పలక కాపాడదు

కాలిఫోర్నియాలో సన్నీవేల్ మర్ఫీ అవెన్యూలో దోసె తినని తెలుగు సాఫ్ట్‌వేర్ మనిషి ఉండడు. ఆ మర్ఫీ ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. మార్టిన్ మర్ఫీ జూనియర్, ఐర్లండ్ మనిషి. 1844లో సియెరా నెవాడా కొండల్ని మొదటిసారి బళ్లతో దాటిన గుంపులో కుటుంబంతో వచ్చాడు. దారిలో యూబా నది దగ్గర పుట్టిన కూతురికి ఎలిజబెత్ యూబా అని పేరు పెట్టుకున్నారు. 1850ల మొదట్లో ఆయన కట్టిన ఇంటికి కలప అవతలి తీరాన మెయిన్ రాష్ట్రంలో కోసి, కేప్ హార్న్ చుట్టి ఓడలో తెచ్చారు.

ఆ ఇల్లు వందేళ్లకు పైగా నిలిచింది. ఊరి చేతికొచ్చింది, రాష్ట్ర చారిత్రక గుర్తింపూ వచ్చింది. సన్నీవేల్‌లో చారిత్రక సంఘం 1956లోనే పుట్టింది. అయినా మంటల్లో దెబ్బతిన్న ఇంటిని 1961లో పడగొట్టేశారు. 2008లో సంఘం దాని నమూనాలో కొత్త ఇల్లు కట్టి మ్యూజియంగా తెరిచింది. చక్కగా కట్టారు, పక్కన ఆప్రికాట్ తోట ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి. కానీ అందులో దూలం తుడిస్తే వడ్రంగి గీతలు ఉండవు.

సంఘాలకి దీన్ని ఎందుకు చెబుతానంటే, గుర్తింపు పలక వచ్చాక హమ్మయ్య అనుకుంటారు. జాతీయ రిజిస్టర్‌లో పేరున్నా సొంతదారు తన డబ్బుతో తన ఇల్లు పడగొట్టుకుంటే ఆపే అధికారం దానికి లేదు. ఫెడరల్ డబ్బో, అనుమతో ఉన్నచోట మాత్రం 1966 చట్టం ప్రకారం ముందు సమీక్ష జరగాలి, అంతే. నిజంగా కట్టడి చేసేవి ఊరి సొంత నిబంధనలు, లేదా ఇంటి దస్తావేజులోనే "ముఖభాగం మార్చకూడదు, పడగొట్టకూడదు" అని శాశ్వతంగా రాయించే ఒప్పందం. దానికి లాయరు కావాలి. 

కింద మిగిలిన చోటు

ఆ రోజు నాన్నగారిని లిఫ్టు ఎక్కించి పైనుంచి నదివైపు చూపించాను. ఇల్లు మొదట ఉన్నది అక్కడే. దాన్ని బయటికి నెట్టిన మిల్లు చేతులు మారి మారి 2011లో మూతపడింది. 2019లో ఆ ఇరవై మూడెకరాల స్థలాన్ని గ్రాండ్ రాండ్ ఆదివాసీ తెగల సమాఖ్య కొనుక్కుంది. వలసలు రాకముందు ఆ జలపాతం దగ్గర చేపలు పట్టుకుని బతికినవాళ్ల వారసులు వాళ్లు. 1855 ఒప్పందం తర్వాత వాళ్లని అక్కడి నుంచి తరలించారు. ఇప్పుడు మిల్లు షెడ్లు ఒక్కొక్కటిగా పడగొట్టి, తమ ఊరు మళ్లీ కట్టుకునే పనిలో ఉన్నారు.

మార్గదర్శకుల (తొలి వలసదారుల) ఇల్లని మనం పిలిచేది ఎవరికి మార్గమో, ఎవరి నేల మీదో చెప్పకుండా ఈ కేసు రాయలేను. మ్యూజియంలో కూడా ఇప్పుడు మార్గరీట్ గురించి, ఆ నేల గురించి చెబుతారు. కొన్ని సంఘాల్లో ఈ మాట ఎత్తితే ఇప్పటికీ ముఖాలు మాడతాయి. నేను ఎత్తుతూనే ఉంటాను.

"అయితే స్థలం తిరిగి వాళ్లదైంది కాబట్టి ఇల్లు మళ్లీ కిందికి దింపుతారా?" అని అడిగారు నాన్నగారు. దింపరని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "పోనీలే, కింద వాళ్లది వాళ్లు కట్టుకుంటారు" అన్నారు.

తర్వాతి శనివారం నేను ఆ ఫాంహౌస్‌కి వెళ్తుంటే నేనూ వస్తానని బయల్దేరారు. నిచ్చెన పట్టుకోమన్నాను. ఐదు నిమిషాలకే నువ్వు దిగరా, నీకు చేతకాదు అని ఆయనే ఎక్కబోయారు, సెక్రటరీ గారు కంగారుపడి ఆపింది. కింద నిలబడే బక్కెట్లు అందించారు. ఆ రోజు గట్టర్లోంచి ఫర్ ఆకులు రెండున్నర బక్కెట్లు తీశాం.